సెకండ్ హ్యాండ్ బండి (మోటార్ సైకిల్) కొనడం – 4వ పాఠం: చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టి వంతెన ఎక్కించడం

ఇవాళ నేరుగా రోడ్డెక్కాల్సింది. కానీ గత పాఠం చదివి కన్సల్టెన్సీ షాపులకు, అంటే పాత బళ్ళు అమ్మే షాపులకు, వెళ్ళినవాళ్ళు రాసినవి చూశాక, ముందు ఒక సంగతి తేల్చక తప్పదు. దాదాపు అందరూ ఒకటే మాట రాశారు: ‘సెల్ఫు నొక్కగానే స్టార్టయింది, పొగ లేదు, చప్పుడు లేదు.’ అమలాపురంలో ఒకరు, తణుకులో ఒకరు ఆ ధైర్యంతోనే బండి తెచ్చేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు స్టార్ట్ చేస్తే నీలం పొగ!

మీరు వెళ్ళేసరికే ఆ ఇంజన్ వేడిగా ఉంది. అందరూ పడింది ఇక్కడే.

వాల్వు సీళ్ళు (ఇంజన్ ఆయిల్ సిలిండర్లోకి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) అరిగిన బండిలో రాత్రంతా ఆయిల్ కొంచెం కొంచెంగా సిలిండర్లోకి దిగుతుంది. పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అది మండి గుప్పున నీలం పొగ వస్తుంది, కాసేపట్లో పోతుంది. టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల వాల్వులను నడిపే గొలుసు) వదులైతే ఆ గలగల కూడా చాలా బళ్ళలో మొదటి కొన్ని క్షణాల్లోనే బాగా తెలుస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే మొదటి సెల్ఫుకే మూలుగుతుంది. మీరు రాకముందే షాపు కుర్రాడు ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపేశాడంటే ఈ మూడూ దాక్కుంటాయి. అందుకే వస్తున్నామని ఫోన్ చేసి వెళ్ళకండి. షట్టర్ ఎత్తే వేళకి అక్కడ ఉండండి.

వెళ్ళగానే, మాట కలపక ముందే, చేతి వెనకవైపు ఇంజన్ దగ్గర పెట్టి చూడండి. తగలనివ్వొద్దు. సైలెన్సర్ వంపు దగ్గర మరీ జాగ్రత్త, చెయ్యి కాలుతుంది. వేడిగా ఉందని అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: ‘ఆయ్, ఎండకండీ బాబూ.’ మన వైపు ఎండల్లో ఈ మాట ఎవరైనా నమ్మేస్తారు. నమ్మేముందు ట్యాంకు మీద, సీటు మీద చెయ్యి వెయ్యండి. ఎండకి కాగిన బండి పైనుంచి కాగుతుంది. ట్యాంకు, సీటు చురుక్కుమంటాయి, వాటి నీడలో ఉన్న ఇంజన్ అంత కాగదు. ట్యాంకు చల్లగా ఉండి ఇంజన్ వెచ్చగా ఉంటే ఎవరో స్టార్ట్ చేశారన్నమాటే. నీడలో నిలబెట్టిన బండికైతే ఆ జవాబే వర్తించదు. గొడవ పడకండి, ‘సాయంత్రం వస్తామండి, అప్పటిదాకా ముట్టుకోకండి’ అని వచ్చేయండి. టీ తాగి వచ్చేలోపు ఇంజన్ చల్లారదు, గంటలు పడుతుంది.

బండిని ఈమధ్య ఎవరు, ఎంత తిప్పారో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. పాత బళ్ళు అమ్మే డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం రిజిస్టరైన డీలరు ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్ ఉంచాలి. బండి ఎందుకు తీశారు, ఎవరు నడిపారు, ఎప్పుడు, ఎంత దూరం అన్నీ అందులో ఉండాలి. చూపించమని అడగండి. మీ ట్రయల్ కూడా రాయమనండి.

ఇక రోడ్డు. లైసెన్సు, హెల్మెట్, బండికి నడుస్తున్న ఇన్సూరెన్సు లేకుండా ఎక్కొద్దు. షాపు ముందు సందులో ఒక రౌండుతో ఏమీ తెలియదు. కనీసం నాలుగైదు కిలోమీటర్లు తిప్పనివ్వని షాపులో నేనైతే కొనను.

మొదట కాలువ గట్టు రోడ్డు పట్టండి. గతుకుల్లో ముందు ఫోర్కు టకటకమంటే కోన్ సెట్‌నో (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) ఫోర్కునో అనుమానించండి. ఖాళీ చోట ముందు బ్రేకు మెల్లగా పట్టండి, లివరు వేళ్ళకింద కొట్టుకుంటుంటే డిస్కు వంకర. నున్నటి రోడ్డు మీద కూడా హ్యాండిల్ ఒక పక్కకే లాగుతుంటే ఆ బండి పడిన బండే కావచ్చు, మీ మెకానిక్ చూసేదాకా బేరం ఆపండి. గేర్ల సంగతి మీకే తెలుస్తుంది.

అసలు పరీక్ష క్లచ్ ప్లేట్లది, అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించేవాటిది. మన గోదావరి డెల్టా అంతా బల్లపరుపు నేల, జారే క్లచ్ ఇక్కడ ఏళ్ళ తరబడి బయటపడకుండా తిరుగుతుంది. మనకున్న ఎత్తల్లా వంతెనల అప్రోచ్‌లే, అంటే వంతెన మీదికి ఎక్కే వాలు రోడ్లే. దిండి వైపువాళ్ళకు చించినాడ వంతెన, యానాం వైపువాళ్ళకు ఎదుర్లంక వంతెన ఉన్నాయి. సిద్ధాంతం, జొన్నాడ వంతెనల మీద లారీల వరస, అక్కడ వద్దు. ఇంజన్ బాగా వేడెక్కాక, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని, వెనకా ముందూ ఖాళీ చూసుకుని, ఎత్తు మొదట్లో మూడో గేరులో ముప్ఫై స్పీడుతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. మంచి క్లచ్ అయితే మూలిగినా లాగుతుంది. ఇంజన్ మోత పెరిగి బండి కదలిక పెరగకపోతే ప్లేట్లు పోయినట్టే. షాపు కుర్రాడు వెనక కూర్చుంటానంటే వద్దనకండి, ఆ బరువు మనకు కావాలి.

దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే దిగి, కింద మళ్ళీ తిప్పండి. చల్లటి స్టార్టులో కనబడని నీలం పొగ అప్పుడు కూడా రావచ్చు. అది మీకు కనబడదు, వెనక ఇంకో బండి మీద వచ్చే స్నేహితుడికి కనబడుతుంది. అందుకే ఒంటరిగా వెళ్ళొద్దంటాను.

అభ్యాసం: ఈ వారం ఎవరూ బండి కొనకండి. మీరు కొనాలనుకున్న మోడలే బాగా చూసుకున్నవాళ్ళ దగ్గర అడిగి తీసుకుని, పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసి, మీ దగ్గర్లోని వంతెన ఎక్కించండి. ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకోండి. తర్వాత వేర్వేరు షాపుల్లో మూడు బళ్ళు అదే వంతెన, అదే గేరు, అదే బరువుతో నడిపి, ఒక్కోదానికి ఇంజన్ వేడి, మొదటి పొగ, క్లచ్, బ్రేకు కాగితం మీద రాయండి. మూడు కాగితాలూ పూర్తయ్యాకే 5వ పాఠం, బేరం సంగతి, చదవండి.