వానలు మొదలయ్యాయి, క్వారీ గుంతలు నిండుతున్నాయి

పోయిన వారం మా పక్క మండలంలో బర్రెలు కడగడానికి పోయిన ఇద్దరు అన్నదమ్ములు క్వారీ గుంతలో మునిగి చనిపోయారు. చిన్నోడు జారాడు, పెద్దోడు వాణ్ణి అందుకోబోయాడు. ఆ క్వారీ మూతపడి ఆరేళ్లయింది. కంచె లేదు, బోర్డు లేదు. నల్లగొండ జిల్లా గ్రానైట్ క్వారీల్లో పద్దెనిమిదేళ్లు డ్రిల్లింగ్ పని చేశాను. ఆ నీళ్ల కింద ఏముంటుందో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఈత రానివాళ్లు దిగొద్దని వేరే చెప్పక్కర్లేదు. నేను చూసిన చావుల్లో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లు చేసిన తప్పు ఒక్కటే, గుంతను చెరువు అనుకోవడం. చెరువులో లోతు మెల్లగా పెరుగుతుంది. మోకాళ్ల దాకా వచ్చాక భయమేస్తే వెనక్కి తిరగొచ్చు. గుంతలో రాయిని నిలువునా కోసి తీస్తాం. మొదటి అడుగు మెట్టు మీద పడుతుంది, రెండో అడుగుకి ముప్పై నలభై అడుగుల లోతు. ఈదుకుంటూ ఒడ్డుకొచ్చినా పట్టు దొరకదు. కోసిన గోడ నున్నగా ఉంటుంది, దాని మీద పాచి. గుంత చెరువు కాదు.

ఒడ్డు ఇంకో ప్రమాదం. పైమట్టి నానితే అంచు మనిషితో సహా కూలుతుంది. అందుకే 1961 నాటి మెటాలిఫెరస్ గనుల (బొగ్గు, చమురు కాక మిగతా గనుల) నిబంధనల్లో మట్టి అంచును వాలుగా చెక్కాలని, లేదంటే మెట్లుగా తీయాలని ఉంది. మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు. లీజు అయిపోగానే మిషన్లు ఎత్తుకుపోయే యజమానులు ఈ పని చేయరు. రాయి అమ్ముకున్నవాళ్లే గుంతకు కంచె వేయాలి. అంచుకు ఆనించి వేస్తే మట్టితో పాటు కంచే పోతుంది, కాబట్టి దూరంగా వేయాలి. వాననీళ్లు లోపలికి దిగకుండా చుట్టూ కాలువ తవ్వాలి. తీసిన మట్టిని వాగులో పోయకూడదు. పోస్తే అది కొట్టుకుపోయి కింది చెరువును పూడుస్తుంది. దామరచర్ల, మఠంపల్లి వైపు సున్నపురాయి గనులకూ ఇదే మాట.

ఊళ్లోవాళ్లు చేయాల్సినవి:

కంచె వచ్చేదాకా దారికి సర్కారు తుమ్మ కంప అడ్డం కొట్టండి.

బర్రెల్ని అటు తోలొద్దు. బట్టలు అక్కడ ఉతకొద్దు.

ఒకరు మునిగితే వెనకాల దూకొద్దు. చీర, తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరండి. అరవండి. 112కి ఫోన్ చేయండి. ఆ అన్న దూకకపోతే ఒక్కడైనా ఇంటికొచ్చేవాడు.

బయటికి తీసినవాణ్ణి తలకిందులుగా వేలాడదీయొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే నోట్లో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కండి.

సెల్ఫీ కోసం అంచుకు పోవొద్దు.

వినాయకుణ్ణి అందులో నిమజ్జనం చేయొద్దు, బతుకమ్మను వదలొద్దు. రాత్రిపూట, జనం తోపులాటలో, పిల్లల్ని ఎత్తుకుని నిలువు గోడ అంచున నిలబడతారా?

"మా పిల్లలకు ఈత వచ్చు" అనొద్దు. గుంత చెరువు కాదని ఈ రాత్రే కూర్చోబెట్టి చెప్పండి.

గుంత ఫోటో, సర్వే నంబరు పట్టుకుని సోమవారం ప్రజావాణిలో కాగితం ఇవ్వండి. కంచె ఎవరు వేస్తారో, ఎన్ని రోజుల్లో వేస్తారో రాతలో అడగండి. రసీదు తీసుకోకుండా కలెక్టరేట్ నుంచి కదలొద్దు.