ఓడుతున్న కబడ్డీ జట్టును కెప్టెన్ నిలబెట్టేదెలా

శ్రీకాకుళం పల్లెల్లో సంక్రాంతి పోటీలకు దిగే కుర్రాళ్లకు బలానికి లోటుండదు. కుదరనిది పట్టు, అంటే కూతకు వచ్చిన రైడర్‌ను పట్టుకోవడం.

కెప్టెన్‌గా ముందు గత మూడు ఆటల్లో పాయింట్లు ఎక్కడ పోయాయో నోటుబుక్కులో రాయండి: కార్నర్ (వరస చివర నిలబడేవాడు) తొందరపడి దూకాడా, చైన్ (చేతులు పట్టుకుని నిలబడే జంట) చేతులు వదిలేసిందా? పట్టమని పిలిచే గొంతు ఒక్కటే ఉండాలి. ఇద్దరు పిలిస్తే సగం మంది ముందుకు, సగం మంది వెనక్కి పోతారు. రోజూ 20 నిమిషాలు ఇదే సాధన: రైడర్ వెనక్కి తిరిగే క్షణంలోనే పట్టాలి.

ముగ్గురే మిగిలితే బెదరనివ్వకండి. సూపర్ ట్యాకిల్ నిబంధన ఉన్న పోటీల్లో అప్పుడు పట్టుకుంటే 2 పాయింట్లు. వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, అంటే పాయింటు తేకపోతే రైడర్ అవుట్. ఎవరు వెళ్లాలో ఆటకు ముందే తేల్చండి.

తప్పు చేసినవాణ్ని కోర్టులో తిట్టకండి, మళ్లీ పట్టుకు వెళ్లడానికి జంకుతాడు. విరామంలో పక్కకు పిలిచి ఆ ఒక్క తప్పే చెప్పండి.