కంపైలర్‌లో మీ ఫీచర్ ఎక్కడ ఇరుక్కుంది?

రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలర్‌కు మీరొక కొత్త ఫీచర్ రాశారు. కోడ్ మీ మెషిన్‌లో పనిచేస్తోంది, టెస్టులన్నీ పాసవుతున్నాయి, అయినా ప్యాచ్ (ప్రాజెక్టుకు మీరు పంపిన మార్పు) లోపలికి పోవడం లేదు. అలాంటప్పుడు చాలామంది కోడ్‌నే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కూర్చుంటారు. నేనూ అదే చేశాను. తర్వాత అర్థమైందేమిటంటే, మీరు వెళ్ళిపోయాక ఈ వెయ్యి లైన్లను ఎవరు మోస్తారన్న లెక్క, ప్యాచ్‌ను పరిశీలించే రివ్యూయర్ మనసులో ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. కింది ఇబ్బందుల్లో చాలావాటి మూలం అక్కడే ఉంది.

లక్షణం: వారాలు గడిచినా ఒక్క కామెంటూ లేదు

ముందు ప్యాచ్ సైజు చూసుకోండి. నేను మొట్టమొదట పంపింది పద్నాలుగు వందల లైన్లు. అందులో సగం పాత ఫంక్షన్ల పేర్లు మార్చడమే. రోజు చివర మిగిలిన అరగంటలో దాన్ని తెరిచే ధైర్యం ఎవరికుంటుంది? పేర్ల మార్పు ఒకటి, టెస్టులు ఒకటి, అసలు మార్పు ఒకటి... ఇలా విడగొట్టాక మొదటి ముక్క మూడు రోజుల్లో చేరిపోయింది.

ప్యాచ్ చిన్నదే అయితే, అది ఎవరి పనో ఎవరికీ తెలియకపోయి ఉండవచ్చు. ఏ లైన్ ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ఆ ఫైల్‌ను ఈమధ్య ముట్టుకున్నవాళ్ళను, మెయింటెయినర్ల జాబితాలో ఆ భాగం చూసేవాళ్ళను రివ్యూకి చేర్చండి. గుర్తుచేయడానికి మొహమాటం అక్కర్లేదు. ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టులో వారానికోసారి పింగ్ చేయడం మామూలే, జీసీసీ అనే మరో కంపైలర్ అయితే రెండు వారాలు ఆగమంటుంది.

మూడో కారణం కాలెండర్. జీసీసీలో కొత్త ఫీచర్లు తీసుకునేది స్టేజ్ 1 అనే దశలో, అది సాధారణంగా నవంబరు మధ్యలో ముగుస్తుంది. స్టేజ్ 4కి వచ్చేసరికి రిగ్రెషన్లు (ఇదివరకు పనిచేసి ఇప్పుడు చెడినవి), డాక్యుమెంటేషన్ తప్ప వేరేవి ముట్టుకోరు. జనవరి చివర్లో పంపిన ఫీచర్‌కు జవాబు రాలేదంటే తప్పు మీది కాదు, కోడ్‌దీ కాదు. స్టేజ్ 1 మళ్ళీ తెరిచాక పంపండి.

లక్షణం: "ఇది కంపైలర్‌లోనే ఎందుకు ఉండాలి?" అని అడిగారు

ఎక్కువ ఫీచర్లు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. దీన్ని తిరస్కారంగా తీసుకుని అలిగేవాళ్ళను చూశాను. నిజానికి ఇది నేరుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

భాషకు కొత్త ఎక్స్‌టెన్షన్ ఏం చూపించాలో ఎల్ఎల్‌వీఎంలోని సీ, సీ++ కంపైలర్ క్లాంగ్ ముందే రాసిపెట్టింది: చెప్పుకోదగ్గ సంఖ్యలో వాడేవాళ్ళున్నారన్న ఆధారం, క్లాంగ్ లోపలే ఉండాల్సిన అవసరం, స్పెసిఫికేషన్, ప్రమాణాల కమిటీలో దాని తరఫున మాట్లాడే మనిషి, దీర్ఘకాలం చూసుకునే ఏర్పాటు, నాణ్యమైన అమలు, టెస్టులు. వరుస గమనించండి. మనం మొదట చూపించే కోడ్ ఇక్కడ దాదాపు చివర్లో వస్తుంది.

దీనికి కారణముంది. కోడ్‌ను చదివి విడగొట్టే పార్సర్‌లో నలభై లైన్లు కలిపితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ కొత్త సింటాక్స్‌ను (రాసే తీరును) టెంప్లేట్ లోపల పెడితే ఏమవుతుంది? ప్రీకంపైల్డ్ హెడర్‌లో దాచి తిరిగి చదివితే? డీబగ్గర్‌లో ఆ లైన్ దగ్గర ఆగితే ఏం కనిపిస్తుంది? కోడ్ ఫార్మాటర్ దాన్ని ఎలా విరుస్తుంది? రేపు ప్రమాణంలో అదే గుర్తుకు ఇంకో అర్థం ఇస్తే? రివ్యూయర్ బుర్రలో ఇవన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి. ఒకసారి రిలీజులో వెళ్ళిన సింటాక్స్‌ను వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం కాబట్టి, అనుమానమొస్తే వాళ్ళు వద్దు వైపే మొగ్గుతారు.

పరిష్కారం: కోడ్ పక్కన పెట్టి ముందు ఆర్ఎఫ్‌సీ (అందరి అభిప్రాయం కోరే ప్రతిపాదన) రాయండి. మొదటి పేరాలో మీ డిజైన్ ఉండకూడదు, ఇప్పుడు జనం పడుతున్న అవస్థ ఉండాలి, నిజమైన కోడ్ ముక్కలతో. లైబ్రరీతోనో, ప్లగిన్‌తోనో, ఉన్న ఆట్రిబ్యూట్‌తోనో ఎందుకు కుదరదో మీరే రాసేయండి, లేకపోతే మొదటి జవాబులోనే అడుగుతారు. పై ప్రశ్నల్లో జవాబు లేనివి ఉంటే వాటినీ దాచకుండా పెట్టండి. మోసేదెవరన్న దానికి పేర్లతో సహా జవాబుండాలి. ఒక్కరే ఉంటే బలహీనం.

చిన్న తలుపులోంచి వెళ్ళే దారి కూడా ఉంది. ఎల్ఎల్‌వీఎంలో కొత్త ప్రాసెసర్ టార్గెట్లు మొదట ప్రయోగాత్మకంగా చేరతాయి, మామూలు బిల్డ్‌లో రావు, కావాలని అడిగితేనే వస్తాయి. ఎం68కె అనే ప్రాసెసర్ల టార్గెట్ 2021లో అలాగే చేరింది.

లక్షణం: "ఈ ఆప్టిమైజేషన్ సరైనదేనా?"

ఆప్టిమైజేషన్ అంటే అర్థం మారకుండా కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చడం. ఎక్స్‌ను రెండుతో గుణించి రెండుతో భాగిస్తే ఎక్సే వస్తుందని బడిలో నేర్చుకున్నాం. ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యలో ఎక్స్ 200 అనుకోండి. రెట్టింపు 400 పట్టదు, చుట్టు తిరిగి 144 అవుతుంది. దాన్ని రెండుతో భాగిస్తే 72. ఓవర్‌ఫ్లో రాదని ముందే హామీ ఉన్నచోటే ఆ మార్పు చెల్లుతుంది. నమ్మకంగా రాసిన ప్యాచ్‌లలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, లేదా పాయిజన్ విలువలను (చెల్లని లెక్క ఫలితానికి ఎల్ఎల్‌వీఎం వేసే గుర్తు) మరిచిపోయినవి.

వాదన మానేసి, మార్పు సరైనదో కాదో తేల్చే అలైవ్2 అనే పరికరంలో రుజువు పెట్టండి. మార్పు తప్పయితే ఏ విలువ దగ్గర విరిగిందో అదే చూపిస్తుంది. ఎల్ఎల్‌వీఎంలో ఇన్‌స్ట్‌కంబైన్ (ఇలాంటి లెక్కలను సరళం చేసే భాగం) మార్పులకు ఈ రుజువు ఎలాగూ అడుగుతారు. టెస్టులను ముందు కమిట్‌లో పాత ఫలితాలతో పెట్టి, తర్వాతి కమిట్‌లో మార్పు పెడితే ఏం మారిందో తేడాలో చక్కగా కనిపిస్తుంది. మార్పు జరగకూడని సందర్భాలకూ టెస్టులు రాయండి. చాలామంది వదిలేసేది వీటినే.

లక్షణం: చేరిన గంటలోనే రివర్ట్ చేశారు

అవమానమేమీ కాదు. మీ దగ్గర లేని ప్లాట్‌ఫామ్ మీద మార్పులను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే బిల్డ్‌బాట్ ఏదో ఎర్రబడింది, మెయిన్ బ్రాంచ్ వందలమందికి కావాలి, అందుకే ముందు తీసేసి తర్వాత మాట్లాడతారు. లాగ్ చదివి, సరిచేసి, ఆ సందర్భానికి ఒక టెస్టు చేర్చి, ఏం మార్చారో కమిట్ సందేశంలో రాసి మళ్ళీ పంపండి. జీసీసీ అయితే పంపే ముందే పూర్తి బూట్‌స్ట్రాప్ నడపండి. కంపైలర్ తనను తాను కంపైల్ చేసుకుని, ఆ ఫలితంతో మళ్ళీ కంపైల్ చేసుకుని రెండింటినీ పోల్చే ఆ దశలో చాలా తప్పులు బయటపడతాయి.

లక్షణం: "కంపైల్ సమయం పెరిగింది"

ఫీచర్ వాడనివాళ్ళు కూడా మూల్యం చెల్లిస్తున్నారన్నమాట. రస్ట్ భాష కంపైలర్‌లో ఒక కామెంట్ పెడితే బాట్ కొలిచి పెడుతుంది, అనుమానముంటే రివ్యూకి ముందే అడగండి. ఖరీదైన తనిఖీని చౌకైన తనిఖీ వెనక్కి జరిపితే సాధారణంగా సరిపోతుంది.

లక్షణం: కోడ్ బాగుందన్నారు, కానీ చేర్చుకోలేదు

సంతకం మరిచిపోయారేమో చూడండి. ఇదివరకు జీసీసీకి కాపీరైట్ రాసివ్వాల్సి వచ్చేది, 2021 నుంచి దాని బదులు కమిట్‌లో ఆ కోడ్ ఇచ్చే హక్కు మీకుందని చెప్పే సైన్డ్-ఆఫ్ లైన్ ఉన్నా చాలు.

లక్షణం: ఏళ్ళ తరబడి నైట్లీలోనే ఉంది

రస్ట్‌లో విలీనమైతే సగం దూరమే, ఫీచర్ ముందు ప్రయోగాత్మకమైన నైట్లీ బిల్డ్‌లోనే దొరుకుతుంది. జెనరిక్ అసోసియేటెడ్ టైప్స్ అనే ఫీచర్ ప్రతిపాదన 2016 నాటిది, అందరికీ స్టేబుల్‌లో అందింది 2022 నవంబరులో, 1.65 వెర్షన్‌తో. మధ్యలో ఆగిపోయిన ఫీచర్లలో చాలావాటికి కొరత కోడ్ కాదు. మిగిలిన ప్రశ్నలేమిటి, ఏవి తేలాయి, టెస్టులెక్కడున్నాయి అని కూర్చుని స్టెబిలైజేషన్ రిపోర్ట్ రాసే మనిషి లేకపోవడం. అది మీరు రాయవచ్చు, ఫీచర్ మీది కాకపోయినా సరే. టీమ్ ఒప్పుకుంటే పది రోజుల తుది వ్యాఖ్యల గడువు మొదలవుతుంది.

లక్షణం: వందల కామెంట్లు, నిర్ణయం లేదు

దీనికి నా దగ్గర మందు లేదు. గో భాషలో ఎర్రర్లను తేలిగ్గా చూసుకోవడానికి ట్రై అనే ప్రతిపాదన తెచ్చింది స్వయంగా ఆ టీమే. వ్యతిరేకత చూసి 2019 జులైలో వాళ్ళే ఉపసంహరించుకున్నారు. మీది అక్కడిదాకా వస్తే అభ్యంతరాలన్నీ ఒక్కచోట రాసి ప్రతిపాదన మూసేయండి. ముందు కమిట్‌లో పెట్టిన టెస్టులు, విడగొట్టిన పేర్ల మార్పులు ఎలాగూ మెయిన్‌లోనే ఉంటాయి.