పాత ఇంగ్లండ్ కోర్టు కేసు చదవాలంటే ముందు వాయిదాలు పట్టుకోండి

1500 నుంచి 1700 మధ్య ఇంగ్లండ్ కోర్టు కేసుల మీద డిసర్టేషన్ చేద్దామనుకునే కేయూ (కాకతీయ యూనివర్సిటీ) హిస్టరీ పిల్లలకు, లా చదివేటోళ్లకు ఇది. మొదలుపెట్టేటందుకు లండన్ పోవాల్సిన పని లేదు, హన్మకొండల రూమ్‌ల కూసొనే కొంత వరకు చూడొచ్చు. కాకపోతే పద్ధతి తెల్వకపోతే మొదటి కాయితం దగ్గర్నే ఆగిపోతరు, ఎందుకంటే మొదటి కాయితం పిటిషన్, అండ్ల అంతా ఏడుపే ఉంటది, దాన్ని నమ్మి చాప్టర్ మొత్తం రాసేసినోళ్లు కూడా ఉన్నరు.

మొదలుపెట్టేటోళ్లు చాన్సరీ కోర్టు పట్టుకోండి, అంటే మామూలు కోర్టుల దారి దొరకనోళ్లు లార్డ్ చాన్సలర్ దగ్గరికి పోయే కోర్టు. కామన్ లా కోర్టుల (ఆచారం, పాత తీర్పుల మీద నడిచే మామూలు కోర్టుల) రికార్డు దాదాపు 1733 దాకా లాటిన్‌ల నడిచింది, మధ్యల 1650లల్ల కొన్నేండ్లు తప్ప. చాన్సరీల పిటిషన్, జవాబు, సాక్ష్యం అన్నీ ఇంగ్లిష్‌లనే దొరుకుతయి. లండన్ల క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్ ఆన్‌లైన్‌ల ఫ్రీ, పేరు కొట్టి వెతకొచ్చు. చాన్సరీ ఆర్డర్ పుస్తకాల ఫొటోలు హ్యూస్టన్ యూనివర్సిటీ వాళ్ల ఆంగ్లో అమెరికన్ లీగల్ ట్రెడిషన్ సైట్‌ల పైసా కట్టకుండా చూడొచ్చు. చేతిరాత భయపెడ్తది, నిజమే, పొడుగు ఎస్ అచ్చం ఎఫ్ లెక్కనే కనవడ్తది, e అక్షరం తిరగేసినట్టు ఉంటది. దానికి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లనే ఫ్రీ ట్యుటోరియల్ ఉన్నది, ముందు అది చేయుండ్రి.

ఇగ పిటిషన్. దాన్ని బిల్ అంటరు, లార్డ్ చాన్సలర్‌కో లార్డ్ కీపర్‌కో అడ్రస్ చేసి ఉంటది. దాదాపు ప్రతి దాంట్ల అవే నాలుగు మాటలు: నేను పేదోణ్ని, అవతలోడు పలుకుబడి ఉన్నోడు, నా దస్తావేజులు ఎట్లనో వాని చేతుల పడ్డయి, కామన్ లా కోర్టుల నాకు న్యాయం దొరకదు. కలెక్టరేట్‌ల సోమవారం ప్రజావాణికి అర్జీ రాసిపెట్టేటాయన పదెకరాలున్నోనికి గూడ "నిరుపేద కుటుంబం" అని రాసిపెడ్తడు గదా, అట్లనే ఇది. కానీ ఊకె రాయలే, కారణం ఉంది. కామన్ లా కోర్టుల తీరే పంచాయితీని చాన్సరీ తీసుకోదు, కాబట్టి అక్కడ నాకు దారి లేదని చెప్పుకోవాలె, దస్తావేజులు నా దగ్గర లేవనాలె. అందుకే ముందు ఆ రెడీమేడ్ లైన్లన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి, మిగిలింది ఏందో చూడండి: భూమా, కౌలా, పెండ్లప్పుడు రాసుకున్న ఆస్తా, అప్పు బాండా. అసలు కేసు అదే.

తర్వాత పిటిషన్ పక్కన పెట్టి ఆర్డర్ పుస్తకాలు తెరవండి. నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్ నంబర్లల్ల ఇవి సీ 33 (C 33). ఏ పుస్తకం, బీ పుస్తకం అని రెండు వరుసలు ఉంటయి, ఒకదాంట్ల దొరకకపోతే రెండోది చూడాలె. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి తారీఖు, ఎవరు అడిగిండ్రు, కోర్టు ఏం అన్నది, దాంతోని ఆలస్యం అయితే ఎవరికి లాభం, ఈ నాలుగు కాలమ్‌లు పెట్టుకోండి. ఆఖరి కాలమే ముఖ్యం. భూమి ఎవని కబ్జాల ఉందో వానికి ప్రతి వాయిదా ఒక పంట కింద లెక్క, ఇది మన దగ్గర కోర్టు మెట్లెక్కిన ఏ రైతునడిగినా చెప్తడు.

తారీఖులతోని జాగ్రత్త. అప్పట్ల అక్కడ సంవత్సరం మార్చి 25న మారేది, 1752 నుంచే జనవరి 1కి వచ్చింది, అంటే కాయితం మీద 1610 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కల 1611. ఇది మర్చిపోతే పిటిషన్ కంటే ముందే తీర్పు వచ్చినట్టు కనవడ్తది. ఇంకోటి, కోర్టు ఏడాదంతా కూర్చోదు, మైకెల్మస్, హిలరీ, ఈస్టర్, ట్రినిటీ అని నాలుగు టర్మ్‌లే, అక్కడి ఎండాకాలం, అంటే జూన్ జులై నుంచి అక్టోబర్ దాకా పెద్ద సెలవు. కాబట్టి రెండు ఆర్డర్ల మధ్య నాలుగు నెలల గ్యాప్ ఉన్నదంటే అది కుట్ర కాకపోవచ్చు, ఉత్త సెలవులు కావచ్చు. అదే టర్మ్ నడుస్తుండగ గ్యాప్ వస్తే మాత్రం అనుమానించాలె.

ఆలస్యం చేసే ట్రిక్కులు గుర్తుపట్టుడు నేర్చుకోవాలె, ఇక్కడే మజా ఉన్నది. సమన్లు వచ్చినా ప్రతివాది రాడు, వాని మీద అటాచ్‌మెంట్ (పట్టుకునే ఆర్డర్), తర్వాత హాజరు కావాలని చాటింపు, తర్వాత రాజద్రోహి కింద పట్టుకొచ్చేటందుకు కమిషన్ (కోర్టు పని అప్పజెప్పి పంపే మనుషులు), ఇట్ల మెట్టు మెట్టుకు టర్మ్‌లు పోతయి. వచ్చినంక నేను లండన్ రాలేను, ఊర్లనే జవాబు తీసుకోండని కమిషన్ అడుగుతడు, ఇంకో టర్మ్. జవాబు ఇస్తడు గానీ సగమే ఇస్తడు, వాది అభ్యంతరం పెడ్తడు, అది మాస్టర్ అనే ఆఫీసర్ దగ్గరికి పోతది, ఆయన రిపోర్టు మీద మళ్ల అభ్యంతరం. మీదికెళ్లి ప్రతివాది ఎదురు బిల్ వేస్తడు. ఇంతల ఒకలు సచ్చిపోతే కేసు ఆడనే ఆగుతది, కేసు మళ్ల నడిపియ్యాలని వారసులు రివైవర్ బిల్ వేస్తే గానీ కదలదు. మన సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్)ల ఆర్డర్ 22 తెల్సినోళ్లకు ఇది కొత్త కాదు, మన దగ్గర 90 రోజులల్ల వారసులను చేర్చకపోతే కేసు అబేట్ అయితది, అంటే ఆడికే ముగుస్తది, ఆ వాసన అక్కడిదే.

స్టే సంగతి వేరే చూడాలె. కామన్ లా కోర్టుల ఓడినోడు చాన్సరీకొచ్చి ఇంజంక్షన్ తెచ్చుకుంటే గెలిచినోని చేతుల తీర్పు ఉత్త కాయితమే. దీనిమీద చీఫ్ జస్టిస్ కోక్‌కు, లార్డ్ చాన్సలర్ ఎల్స్‌మియర్‌కు పెద్ద లొల్లి అయింది, 1616లో జేమ్స్ రాజు చాన్సరీ వైపు తేల్చిండు. మీ కేసు ఆ ఏండ్లదైతే ఆర్డర్లల్ల ఆ వేడి కనిపిస్తది.

అన్ని ఆలస్యాలు పార్టీలవి అనుకోవద్దు. క్లర్కులకు జీతం కంటే నకలు పేజీల లెక్కన వచ్చే ఫీజు ముఖ్యం, అందుకే కాయితాలు ఉబ్బుతయి. మిల్వార్డ్, వెల్డన్ కేసుల 1590లల్ల వాది కొడుకు 16 పేజీలల్ల అయ్యే రిప్లయ్‌ని 120 పేజీలు చేసిండు. కోర్టు ఏం చేసిందంటే ఆ కట్ట మధ్యల బొక్క చేసి, అండ్లకెళ్లి వాని తలకాయ దూర్చి, వెస్ట్‌మినిస్టర్ హాల్‌ల కోర్టులు నడుస్తుండంగ ప్రతి కోర్టు ముందు తిప్పమన్నది, పైంగ 10 పౌండ్ల ఫైన్! నిజంగ జరిగిన ఆర్డరే. మన దగ్గర కొన్ని కౌంటర్ అఫిడవిట్లు చూస్తే ఈ ఆర్డర్ యాదికొస్తది, వదిలేయండి.

కేసు నడుస్తుంటే మధ్యల వేసే చిన్న పిటిషన్లు వదలొద్దు. పేదరికం పిటిషన్ ఉంటే ఫీజు లేకుండా వకీల్‌ను ఇచ్చేది, దీనికి 1495 చట్టం ఉండె, కానీ పేదోణ్నన్నోడు నిజంగ పేదోడేనా అని అవతలోడు సవాల్ చేసిన ఆర్డర్లు గూడ వెతకండి, అక్కడ ఆస్తి లెక్కలు బయటపడ్తయి. బక్కోళ్లు ఎక్కువ పోయిన ఇంకో కోర్టు కోర్ట్ ఆఫ్ రిక్వెస్ట్స్, 1640లల్ల మూతపడింది, దాని ఫైళ్లు రెక్ 2 (REQ 2)ల ఉంటయి. 1621 నుంచి హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు పిటిషన్లు పెట్టుడు మళ్ల జోరందుకుంది. అదే ఏడు లార్డ్ చాన్సలర్ బేకన్ నడుస్తున్న కేసుల పార్టీల దగ్గర పైసలు తీసుకున్నడని పదవి పోగొట్టుకున్నడు, కాబట్టి ఆయన టైమ్‌ల తీర్పు సడెన్‌గ వచ్చిందంటే ఒకసారి ఆగి చూడండి. 1653ల అయితే చాన్సరీనే ఎత్తేయాలని పార్లమెంట్ ఓటేసింది, అండ్ల 23 వేల కేసులు పెండింగ్ అని, కొన్ని 30 ఏండ్ల నుంచి ఉన్నయని సభల ఒకాయన అన్నడు. ఆ అంకెను అంకె లెక్క వాడకండి, కోపం ఎంతుండెనో చూపేటందుకు వాడండి. కోర్టు మాత్రం పోలే.

సాక్ష్యాలు ఓపికతో చదవాలె. ప్రతి సాక్షి పేరు, ఊరు, పని, సుమారు వయసు మొదట్ల ఉంటయి, 70 ఏండ్ల ముసలోడు హద్దు ఎక్కడుండెనో, పశువులు ఎక్కడ మేసినయో చెప్తడు. ప్రశ్నలు లాయర్ రాసిచ్చినయి, అందుకే ప్రశ్నల కాయితం పక్కన పెట్టుకోనిదే జవాబు సగమే అర్థమైతది. లండన్ సాక్ష్యాలు సీ 24ల, ఊర్లల్ల తీసుకున్నయి ఎక్కువ సీ 21, సీ 22ల.

ఆఖరికి తీర్పు దొరకకపోతే పరేషాన్ కావద్దు, చానా కేసులకు తీర్పే లేదు. మధ్యవర్తులకు అప్పజెప్పిన ఆర్డర్ ఉందేమో సీ 33ల చూడండి, పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసినయి చానా ఉన్నయి. బర్క్‌లీ కుటుంబం ఆస్తి తగాదా 1417ల మొదలై 1609ల రాజీతోని ముగిసింది, మధ్యల 1470ల నిబ్లీ గ్రీన్ దగ్గర నిజంగ యుద్ధమే అయింది. రాజీ కూడ దొరకకపోతే పార్టీల వీలునామాలు వెతకండి, ప్రాబ్ 11 (PROB 11)ల దొరకొచ్చు. సచ్చేముందు ఫలానావాని మీద నడుస్తున్న దావా నా కొడుకు నడిపియ్యాలె, దానికి ఇంత పైసలు అని రాసిపోయినోళ్లు ఉన్నరు, అట్లాంటి లైన్ దొరికితే మీ ఎక్సెల్ షీట్ ఇంకో తరానికి పోయినట్టే, రివైవర్ బిల్ కోసం మళ్ల మొదటి నుంచి కొడుకు పేరు మీద వెతకాలె.