వేడెక్కాక స్టార్ట్ కాని పాత కార్బురేటర్ బండి: లోపం పట్టుకునే పద్ధతి

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. లోడుతో కోయంబేడు దాకా వచ్చి, బండి ఆపి, సరుకు దించి, పావుగంట తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. చెన్నైలో పాత పెట్రోల్ జీపు ట్రక్కో, సరుకులేసే ఓమ్నియో, జిప్సీయో నడిపేవాళ్లకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇది తెలిసిన బాధే.

దీంతో వచ్చిన చిక్కేమిటంటే, మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి చల్లబడి ఉంటుంది. ఆయన తాళం తిప్పుతాడు, వెంటనే స్టార్ట్ అవుతుంది, "బాగానే ఉందిగా సార్" అంటాడు. తర్వాత ఊహ మీద ప్లగ్గులు మారుస్తారు, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ విప్పి కడుగుతారు, డబ్బు పోతుంది, లోపం అలాగే ఉంటుంది. పైగా 2001లో చెన్నైకి భారత్ స్టేజ్ 2 వచ్చాక కార్లన్నీ క్రమంగా ఇంజెక్షన్‌కి మారిపోయాయి. ఆ తర్వాత పని నేర్చుకున్నవాళ్లలో చాలామందికి కార్బురేటర్ మీద చెయ్యి తిరగలేదు. కాబట్టి మొదటి పరీక్ష బండి ఆగిపోయిన చోట, వేడి మీదే, మీరే చేయాలి. ఒక టార్చి, ఒక గుడ్డ, ఒక మంచినీళ్ల బాటిల్ చాలు.

అసలు ఏం జరుగుతుంది

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ రేడియేటర్ నీళ్లు తిరుగుతుంటాయి, ఫ్యాను గాలి కొడుతుంటుంది, ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు వస్తూ కార్బురేటర్‌ని చల్లగా ఉంచుతుంది. ఆపగానే ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మాత్రం కాలిపోతూనే ఉంటుంది. ఆ వేడంతా పైకి ఎక్కుతుంది. అందుకే ఆపిన వెంటనే తిప్పితే స్టార్ట్ అయ్యే బండి, పావుగంట ఆగి తిప్పితే మొరాయిస్తుంది. పెట్రోల్లో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పెట్రోల్లో కలిస్తే అంతకన్నా ముందే ఆవిరవుతుంది. అగ్ని నక్షత్రం ఎండలో, సీటు కింద ఇంజిన్ ఉన్న ఓమ్నిలో ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ వేడి రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి, కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె పాలు పొంగినట్టు పొంగి, పెట్రోలు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి కారుతుంది. అప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ. రెండు, గిన్నె ఆవిరై ఎండిపోతుంది, లేదా పైపులో, ఏసీ పంపులో (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు, ఎయిర్ కండిషనర్‌ది కాదు) ఆవిరి చేరి పెట్రోలు ముందుకు కదలదు. అప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు లేదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఏదో తేల్చకుండా యాక్సిలరేటర్ దబదబా తొక్కడమే అందరూ చేసే పని. పెట్రోలు ఎక్కువైన బండిని అది ఇంకా ముంచుతుంది.

రోడ్డు పక్కన పరీక్ష

తాళం ఆఫ్ చేయండి. దగ్గర్లో ఎవరూ సిగరెట్ కాల్చకుండా చూసుకోండి. ఎయిర్ క్లీనర్ మూత తీయండి. ముందు వాసన చూడండి: ఘాటుగా పచ్చి పెట్రోలు వాసన కొడుతోందా? తర్వాత చోక్ ప్లేటు తెరిచి, టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ, థ్రాటిల్ లివర్‌ని చేత్తో ఒక్కసారి గబుక్కున లాగండి. లోపల పక్కనున్న సన్నటి ఇత్తడి ముక్కు నుంచి పెట్రోలు దారంలా చిమ్మాలి. తుప్పుతుప్పుమని గాలే వస్తే, లేదా అసలేమీ రాకపోతే, గిన్నె ఎండిపోయిందన్నమాట. బాగా చిమ్మి, కింద ప్లేటు తడిసి, వాసన కూడా ఘాటుగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. కొన్ని కార్బురేటర్లకి గిన్నె పక్కన చిన్న అద్దం ఉంటుంది, మట్టం అందులోనే కనిపిస్తుంది. ఆ అద్దం తుడిచి ఉంచుకోండి.

పెట్రోలు ఎక్కువైతే

అప్పటికి బయటపడటానికి: యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కి, అలాగే పట్టుకోండి. వదిలి వదిలి తొక్కొద్దు. చోక్ లాగొద్దు. ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టి, కాస్త ఆగి, మళ్లీ కొట్టండి. గాలి ఎక్కువ వెళ్లి లోపలి తడి ఆరుతుంది. తడబడుతూ అందుకుని నల్లపొగ వదిలితే మీ అంచనా సరైనదే.

ఇంటికి వచ్చాక కారణం వెతకాలి. ఇక్కడే చాలామంది తొందరపడి కార్బురేటర్ విప్పేస్తారు. దానికంటే ముందు ఇంకో పరీక్ష ఉంది. బండిని బాగా వేడెక్కేలా తిప్పి తీసుకొచ్చి, ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చితో పది నిమిషాలు ఓపిగ్గా గొంతులోకే చూస్తూ ఉండండి. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి మధ్యలోని పెద్ద నాజిల్ చివర ఒక చుక్క ఉబ్బి, థ్రాటిల్ ప్లేటు మీద పడి, చుయ్‌మని ఆవిరవుతుంది. తర్వాత ఇంకోటి. ఆ చుక్కలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేలాలి. మరుసటి రోజు ఇదే మళ్లీ చేయండి. ఈసారి ఆపగానే పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు పైపుని కటింగ్ ప్లయర్‌తో, గుడ్డ చుట్టి, మెత్తగా నొక్కి పట్టండి. చుక్కలు ఆగిపోతే పైపులో మిగిలిన ఒత్తిడి, గిన్నె నిండాక పెట్రోలుని ఆపాల్సిన నీడిల్ వాల్వ్‌ని దాటి పెట్రోలుని తోస్తోంది: నీడిల్, సీటు మార్చాలి, గిన్నెలో తేలే ఫ్లోట్ మట్టం సరిచూడాలి, ఫ్లోట్‌లోకి పెట్రోలు చేరి బరువెక్కిందేమో చెవి దగ్గర ఊపి వినాలి. పైపు నొక్కినా చుక్కలు పడుతుంటే గిన్నే మరుగుతోంది, అది వేడి సమస్య.

వేడి సమస్యకి మొదట చూడాల్సింది కార్బురేటర్ కింద ఉండే మందపాటి బేకలైట్ దిమ్మ. ఎప్పుడో ఎవరో విప్పినప్పుడు అది పగిలి, దాని బదులు పల్చటి పేపర్ ప్యాకింగ్ వేసి బిగించేస్తారు. పుదుపేటలోనో జీపీ రోడ్డులోనో మీ మోడల్ దిమ్మ అడిగి వేయించండి. మ్యానిఫోల్డ్‌కీ కార్బురేటర్‌కీ మధ్య రేకు కవచం కంపెనీ ఇచ్చి ఉంటే అది ఇంకా ఉందో లేదో చూడండి. సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉన్న పాత జీపుల్లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో ఒక హీట్ వాల్వ్ ఉంటుంది. చలిదేశాల్లో కార్బురేటర్‌ని వెచ్చబెట్టడానికి పెట్టినది. తుప్పు పట్టి వేడిచేసే వైపే బిగుసుకుపోతే మన ఊళ్లో అదే శత్రువు.

పెట్రోలు అందకపోతే

గుడ్డ తడిపి ఏసీ పంపు మీద, దానికి వచ్చే పైపు మీద వేయండి. నీళ్లు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద పడనివ్వొద్దు, కాలిన పోత ఇనుము పగులుతుంది. ఐదు నిమిషాల తర్వాత పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ కొడితే గిన్నె నిండి స్టార్ట్ అవుతుంది. గుడ్డకి లొంగిందంటే వేపర్ లాక్, అంటే ఆవిరి చేరి పెట్రోలుకి అడ్డుపడటం, ఖాయం. ఒక్క మాట గట్టిగా చెబుతాను: కార్బురేటర్ గొంతులో బాటిల్‌తో పెట్రోలు పోసి స్టార్ట్ చేసే అలవాటు మానండి. వేడి ఇంజిన్ ఎదురు దగ్గితే మంట మొహానికే వస్తుంది.

శాశ్వతంగా సరిచేయాలంటే పైపు దారి చూడండి. సైలెన్సర్ పైపుకి ఆనుకుని వెళ్తుంటే దూరంగా మళ్లించి క్లిప్పులు వేయించండి. పంపుకీ ఇంజిన్‌కీ మధ్య కూడా వేడి ఆపే దిమ్మ ఉంటుంది, అది ఉందో లేదో చూసుకోండి. ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపు మీ బండికి ఉంటే అది ఎక్కడైనా బోల్టు పెట్టి మూసేసి ఉందేమో వెతకండి. ఆ పైపు పనిచేస్తే ఆవిరి ట్యాంకులోకి వెళ్లిపోతుంది, చల్లటి పెట్రోలు తిరుగుతూ ఉంటుంది. నా దృష్టిలో వేపర్ లాక్‌కి ఇంతకన్నా మంచి మందు లేదు. రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవే వేయండి, పైపు మీద ఆర్9 అని అచ్చు ఉన్నవి అడగండి. పాత రబ్బరు మెత్తబడి లోపలికి ముడుచుకుంటే, పగుళ్లలోంచి గాలి పీల్చినా, ఇదే లక్షణం వస్తుంది.

ట్యాంకు మూత రంధ్రం పూడుకుంటే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే అదే కారణం.

ఇవన్నీ అయ్యాకే ఎలక్ట్రిక్ పంపు గురించి ఆలోచించండి. దాన్ని ట్యాంకు దగ్గర, కిందివైపు పెట్టాలి. ఒత్తిడి 2 నుంచి 4 పీఎస్ఐ మించకూడదు. ఇంజెక్షన్ కారు పంపు తెచ్చి తగిలిస్తే నీడిల్ వాల్వ్ ఆపలేక పెట్రోలు ఇంజిన్ మీదికి పొంగుతుంది. ఇంజిన్ ఆగితే పంపు కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ తప్పక పెట్టించండి. ప్రమాదంలో పైపు తెగినా పెట్రోలు కారుతూ ఉండకూడదు.

పెట్రోలు సరిగ్గానే ఉంటే

చక్కగా చిమ్ముతోంది, వాసన మామూలుగానే ఉంది, అయినా అందుకోవడం లేదు. అప్పుడు కరెంటు చూడాలి. ఎయిర్ క్లీనర్ తిరిగి బిగించి, కార్బురేటర్‌కి దూరంగా ఒక పాత ప్లగ్గుని వైరుకి తగిలించి, ఇంజిన్‌కి ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టించండి. చల్లగా ఉన్నప్పుడు నీలంగా చిటచిటలాడిన నిప్పురవ్వ వేడిలో పసుపుగా, నీరసంగా మారితే కాయిల్ గానీ కండెన్సర్ గానీ పోతోంది. ముందు కండెన్సర్ మార్చి చూడండి, అదే చవక. సెల్ఫే బరువుగా, నెమ్మదిగా తిరుగుతుంటే పెట్రోలు జోలికే పోవద్దు. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు శుభ్రం చేయించి, ఆ తర్వాత స్టార్టర్ మోటారు బుష్‌లు చూపించండి.