తప్పు కీలోనా, లేఅవుట్‌లోనా, ఫాంటులోనా? కీబోర్డ్ సమస్యలు - పరిష్కారాలు

తప్పు అక్షరం పడగానే కీబోర్డ్ పోయిందనుకోవడం అలవాటు. కీ కింద ఉన్న కాంటాక్ట్, దానికి ఏ అక్షరం ఇవ్వాలో చెప్పే లేఅవుట్, ఆ అక్షరాన్ని గీసే ఫాంటు - తప్పు ఈ మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ముందు ఒక పరీక్ష. విండోస్‌లో విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ తెరుచుకుంటుంది. ఇప్పుడు అసలు కీబోర్డ్ మీద అనుమానమున్న కీ నొక్కండి. తెర మీద అదే కీ వెలిగితే హార్డ్‌వేర్ బాగున్నట్టే, డబ్బు ఖర్చు పెట్టే పని లేదు.

షిఫ్ట్+2 కొడితే @ బదులు కొటేషన్ గుర్తు, షిఫ్ట్+3 కొడితే £

బ్రిటన్ లేఅవుట్ ఎక్కింది. మన దగ్గర అమ్మే కీబోర్డ్‌లు దాదాపు అన్నీ అమెరికా లేఅవుట్‌వే. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి యూకే ఇంగ్లీషును తీసేయండి.

₹ గుర్తు రావడం లేదు

2010లో వచ్చిన ఈ గుర్తు అమెరికా లేఅవుట్‌లో లేదు. ఇంగ్లీషు (ఇండియా) కీబోర్డ్ చేర్చుకుని, కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే పడుతుంది.

జె, కె, ఎల్ కొడితే 1, 2, 3 పడుతున్నాయి

నంబర్ ప్యాడ్ లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ ఆన్ అయితే ఇలా అవుతుంది. నమ్‌లాక్ నొక్కండి. అది వేరే కీ మీద చిన్న అక్షరాలతో ఉంటే ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కాలి.

మామూలుగా కొడితే పడదు, కాసేపు నొక్కి పట్టుకుంటేనే పడుతుంది

కుడివైపు షిఫ్ట్ 8 సెకన్లు అదిమి ఉంటే ఫిల్టర్ కీస్ (క్షణకాలం తగిలిన కీలను పట్టించుకోని సదుపాయం) ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. చూడకుండా ఎంటర్ కొట్టారా, అంతే సంగతులు. యాక్సెసబిలిటీలో ఆపేయండి.

టైప్ చేస్తుండగా తెలుగు కాస్తా ఇంగ్లీషు అయిపోతోంది

ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వేగంగా కొట్టేవాళ్లకు వేలు తగులుతూనే ఉంటుంది. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్‌కి వెళ్లి ఆ జోడీని తీసేసి, భాష మార్చడానికి విండోస్ కీ+స్పేస్ ఒక్కటే వాడుకోండి.

ఇన్‌స్క్రిప్ట్‌లో చుక్కల వలయం ◌ వస్తోంది

ఇన్‌స్క్రిప్ట్ అంటే భారతీయ భాషల కోసం చేసిన కీబోర్డ్ లేఅవుట్. వలయం వస్తే గుణింతపు గుర్తుకు ముందు హల్లు లేదని అర్థం. మొదట హల్లు, తర్వాతే గుర్తు: 'కి' కావాలంటే ఇంగ్లీషు కె, ఎఫ్ కీలు. అ కొట్టి దీర్ఘం పెడితే ఆ అవుతుందనుకోవడం ఇంకో కారణం. అచ్చులకు వేరే కీలున్నాయి, గుర్తు ఉన్న కీకే షిఫ్ట్ చేరిస్తే అచ్చు: ఇంగ్లీషు E కీలో దీర్ఘం, షిఫ్ట్+E అయితే ఆ. తలకట్టు కోసం వెతకొద్దు, కె ఒక్కటి కొడితేనే 'క' పడుతుంది. డి కొడితే ఆ తలకట్టు పోయి 'క్' అవుతుంది. ఒత్తులూ ఈ డితోనే: క్ష అంటే కె, డి, షిఫ్ట్+కామా.

పొల్లు కావాల్సిన చోట ఒత్తు పడుతోంది

'సాఫ్ట్‌వేర్' కొడితే 'సాఫ్ట్వేర్' అయింది. కీబోర్డ్ తప్పేమీ లేదు, పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేయడం ఫాంటు ధర్మం. రెండింటి మధ్య కనిపించని విరామ అక్షరం ఒకటి పెట్టాలి. వర్డ్‌లో ఇంగ్లీషుకు మారి, ట్ తర్వాత 200 కొట్టి, ఖాళీ వదలకుండా సి అక్షరం చేర్చి, ఆల్ట్+ఎక్స్ నొక్కండి. కోడ్ మాయమై ఒత్తు విడిపోతుంది. మధ్యలో స్పేస్ పెట్టి నెట్టుకురావడం మాత్రం వద్దు, వరుస చివరికొచ్చేసరికి పదం రెండు ముక్కలవుతుంది.

పదం కళ్ల ముందే ఉన్నా వెతికితే దొరకదు

ముందు సున్నను అనుమానించండి. అక్షరాల పక్కన పెట్టే 'ం' వేరు, తెలుగు అంకెల్లోని '౦' వేరు. చాలా ఫాంట్లలో చూపుకు తేడా తెలియదు. వర్డ్‌లో ఆ సున్న తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్+ఎక్స్ కొడితే కోడ్ కనిపిస్తుంది: 0సి02 అయితే నిండు సున్న, 0సి66 అయితే అంకె. మళ్లీ అదే కొడితే అక్షరం వెనక్కి వస్తుంది. తప్పు దొరికాక ఫైండ్-రీప్లేస్ చేయండి, కానీ ఒక్కసారిగా అన్నీ మార్చకండి: నిజంగా తెలుగు అంకెలున్న పేజీ నంబర్లూ మారిపోతాయి. విసర్గ స్థానంలో కోలన్ పెట్టిన 'దు:ఖం' కూడా ఈ బాపతే.

అను ఫాంట్ల మ్యాటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు

అది యూనికోడ్ (ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కాదు, ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు అమర్చిన పాత పద్ధతి. ఫాంటు మార్చినా, లేఅవుట్ మార్చినా ఫలితం ఉండదు. కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాత ఒత్తులున్న పదాలన్నీ ఒకసారి చదువుకోవాలి.

ఒకసారి నొక్కితే రెండు పడుతున్నాయి

మెకానికల్ కీబోర్డ్ అయితే ఆ స్విచ్ కాంటాక్ట్‌లో దుమ్మో అరుగుదలో ఉంది. ఊడదీసి పెట్టుకునే స్విచ్ అయితే పక్క కీదానితో మార్చి చూడండి. జబ్బు కూడా స్విచ్‌తోపాటే పక్క కీకి వెళ్లిందంటే కొత్త స్విచ్ ఒక్కటి చాలు.

నాలుగైదు కీలు ఒకేసారి చచ్చిపోయాయి

కీలన్నీ అడ్డు, నిలువు గీతల వల మీద ఉంటాయి. ఒక గీత తెగితే దాని మీదున్న కీలన్నీ పోతాయి. టీ ఒలికాక ఇదే ఎక్కువ, పంచదార ఉంటే మరీనూ. యూఎస్‌బీ మెంబ్రేన్ కీబోర్డ్ అయితే వైరు తీసి, స్క్రూలు విప్పి, లోపలి ప్లాస్టిక్ షీట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. రుద్దితే గీతే లేచిపోతుంది. పూర్తిగా ఆరాకే బిగించాలి. ల్యాప్‌టాప్ మీద ఒలికితే పవర్ బటన్ పట్టుకుని వెంటనే ఆపి, ఛార్జర్ పీకి, బోర్లించాలి. ఆరిందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చేస్తే కీబోర్డ్‌తో పోయేది మదర్‌బోర్డ్ దాకా పోతుంది. చాలా మోడళ్లలో కీబోర్డ్‌ను పైకవర్‌కు ప్లాస్టిక్ రివెట్లతో బిగిస్తారు కనుక, మార్పించేటప్పుడు కీబోర్డ్ ఒక్కటేనా, కవర్‌తో సహానా అని ముందే అడిగి రేటు మాట్లాడుకోండి.