పాత ఇంగ్లిష్ చదివేవాళ్లకు చిన్న చిట్కా

పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో కష్టమైన మాటల కంటే తెలిసిన మాటలే ఎక్కువ తికమక పెడతాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, 119వ కీర్తనలో, భక్తుడు 'ఐ ప్రివెంటెడ్ ద డానింగ్ ఆఫ్ ద మార్నింగ్' అంటాడు. తెల్లవారకుండా ఆపేశాడా ఏంటి?

ఇలా వాక్యం పొసగనప్పుడు ఫోన్‌లోని మామూలు డిక్షనరీ జోలికి వెళ్లకండి. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు, నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువు రెండూ నెట్‌లో ఉచితం. మాట టైప్ చేసి, అక్కడున్న అర్థాలను ఒక్కొక్కటిగా వాక్యంలో పెట్టి చూడండి. 'ప్రివెంట్' అంటే 'ముందుగా వెళ్లడం' అని కనిపిస్తుంది. అంటే ఆయన తెల్లవారకముందే లేచాడన్నమాట. 'లెట్' వెతికితే 'అడ్డుకోవడం' అని కూడా ఉంటుంది. మన పాస్‌పోర్ట్ మీది 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్'లో ఉన్నది ఈ లెట్టే.

ఒక్క జాగ్రత్త. 'లెట్'కు 'అనుమతించు' అనే అర్థం కూడా పాతదే, షేక్‌స్పియర్ రెండూ వాడాడు. కాబట్టి ఇప్పటి అర్థం చక్కగా సరిపోతున్న చోట పాతదాన్ని ఇరికించొద్దు. పైగా ఆయన పోయింది 1616లో, ఈ నిఘంటువుల కంటే వందేళ్లకు పైగా ముందు. అప్పటి కొన్ని వాడుకలు ఈ రెండు నిఘంటువుల్లోనూ దొరక్కపోవచ్చు, అలాంటప్పుడు ఫుట్‌నోట్లున్న ఎడిషనే దిక్కు.